రెండో పార్టీ

"పోయింది చిలుకా! ఇల్లు పోయింది... నిన్న పొద్దుమూకినంక రెండో పార్టీ బయానా పైసలు ఇచ్చేసిందట!"

గడప మీదే నిలబడి సాంబయ్య ఆ మాట అనేసరికి, మిరపకాయల తొడిమలు తీస్తున్న చిలుకమ్మ చేతులు అట్లాగే ఆగిపోయాయి. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మిరప ఘాటు అనుకుందామా అంటే, ఇరవై ఏళ్లుగా పిండిగిర్నీ నడుపుతున్న మనిషాయె! మిరపకు ఏడవడం ఆమె కళ్లు ఎప్పుడో మానేశాయి.

"మనం నలభై మూడు లక్షల దాకా వచ్చినం గదయ్యా... వాళ్లెంత అన్నరట?"

"నలభై ఆరు. ఇగ మనతోని కాదే..."

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు పాపం మానుకోటలో ఇల్లు కొనడానికి తిరగలేదు గనక సరిపోయింది! మానుకోట, అదే మహబూబాబాద్, జిల్లా కేంద్రం అయిన నాటి నుంచి గజం ధర పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. ఫలానా సందులో ఇల్లు అమ్ముతారట అని చెవిన పడి, చెప్పులు తొడుక్కుని వెళ్లేసరికి అక్కడ నలుగురు బ్రోకర్లు, వాళ్ల వెనక నాలుగు పార్టీలు. ఇందులో ఉన్న చిత్రం ఏమిటంటే, ఎదుటి పార్టీ ఎవరో ఏ బ్రోకరూ చెప్పడు. "రెండో పార్టీ గట్టిగున్నది" అంటాడు, అంతే! ఆ రెండో పార్టీ నిజంగా ఉందో, ధర పెంచడానికి పుట్టించిన అబద్ధమో తెలియక కొనేవాళ్లు రాత్రంతా పక్క మీద దొర్లుతూ ఉండాలి.

చిలుకమ్మ సంగతి ఇంకా కష్టం. గిర్నీకి పిండి పట్టించుకోవడానికి అందరూ వస్తారు గానీ, మా ఇంట్లో గిర్నీ పెట్టుకో తల్లీ అని ఎవరంటారు? చప్పుడన్నారు, గోడలు అదురుతున్నాయన్నారు, కారం పట్టిన రోజు వాడకట్టంతా తుమ్ములే అన్నారు. ఇరవై ఏళ్లలో అయిదుగురు ఓనర్లు, అయిదిండ్లు! ఇప్పుడున్న ఇంటి యాదమ్మ కూడా ఎండాకాలం దాటేలోపు ఖాళీ చెయ్యమంది. అందుకే కురవి రోడ్డు సందులో చంద్రయ్య సారు ఇల్లు చూడగానే చిలుకమ్మ ప్రాణం లేచొచ్చింది. వంద గజాలే గానీ వెనక రెండు గదులు, ముందర రోడ్డు మీదికి షట్టర్ గది, గిర్నీకి కావలసిన త్రీఫేజు మీటరు! మూడుసార్లు వెళ్లి చూసింది. మూడోసారి అయితే గిర్నీ ఎక్కడ దించాలో జానతో కొలిచి మరీ వచ్చింది. కేసముద్రం దగ్గర ఎకరం అమ్మిన డబ్బు, బ్యాంకు లోను, మెడలో గొలుసు... అన్నీ కలిపినా నలభై మూడు దగ్గర ఊపిరి ఆగిపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ డబ్బుకు షట్టరున్న ఇల్లు ఊళ్లో ఇంకోటి లేదు. ఊరవతల ఓ రేకుల గది దొరుకుతుంది గానీ, అక్కడిదాకా పిండి పట్టించుకోవడానికి ఎవరొస్తారు? "గిర్నీ అమ్ముదాం చిలుకా. మరిపెడ ఆయన అడుగుతుండు గదా..." అని సాంబయ్య నసిగేసరికి, అప్పటిదాకా అణుచుకున్న దుఃఖమంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది.

"ఎవరయ్యా వాళ్లు? మా నోటికాడి కూడు గుంజుకున్నోళ్లు! వాళ్ల నోట్ల మన్నువడ! ఆ ఇంట్ల కాలు వెట్టినోళ్లు సుఖంగ ఒక్క ముద్ద మింగొద్దు!"

అనేసింది. నోరు మంచిది కాదంటారే, అట్లాంటి మనిషి కాదు చిలుకమ్మ. పిండి కల్తీ చేశావని ఒకామె నిలదీసినా నవ్వి ఊరుకున్న తల్లి. ఆ రోజు మాత్రం కడుపు మండి అనేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. తేజస్విని! సాంబయ్య చెల్లెలు. పేరుకు ఆడబిడ్డే గానీ, చిలుకమ్మ ఈ ఇంటికి కోడలై వచ్చేనాటికి తేజుకు ఆరేళ్లు, అత్తగారు పోయి ఆరు నెలలు. పారాణి ఆరని కాళ్లతోనే ఆ పిల్లకు తల దువ్వి బడికి పంపింది. గిర్నీ డబ్బులతోనే నర్సు చదువు చదివించింది. ఇప్పుడు తేజు మానుకోట దవాఖానలోనే స్టాఫ్ నర్సు. భర్త ప్రదీప్ భూపాలపల్లిలో బొగ్గు బావి ఉద్యోగి, ఆదివారం ఆదివారం వస్తాడు. ఏడాది పాప. రోజూ ఫోను చేసి ఏం కూర వండావో చెప్పుకోందే వదినా మరదళ్లిద్దరికీ తెల్లారదు, పొద్దుగూకదు.

"వదినా! గుండె గట్టిగ పట్టుకో... ఇల్లు కొన్నం! మొన్న రాత్రే బయానా ఇచ్చినం!"

"అయ్యో నా తల్లే! ఎక్కడనే?"

"కురవి రోడ్డు సందుల. దవాఖానకు దగ్గర, నైట్ డ్యూటీకి నడిచిపోవచ్చు. ముందర షట్టర్ గది గూడ ఉన్నది. ఒక్కటే బాధ వదినా... ఎవరో రెండో పార్టీ సచ్చేదాక ఇడువలే! మూడు లక్షలు ఊరికే పెంచిన్రు!"

కురవి రోడ్డు సందు, షట్టర్ గది, పైన మూడు లక్షలు... ఆ రెండో పార్టీ ఎవరో చిలుకమ్మకు తెలిసిపోయింది.

రోజూ మాట్లాడుకునే ఇద్దరు ఈ ఒక్క మాట ఎట్లా దాచుకున్నారు అని మీరు అడగవచ్చు. దాచింది పగతో కాదమ్మా, దిష్టి భయంతో! పోయిన ఏడు ఇట్లాగే ఓ ఇల్లు చూసుకుని, సంబరం పట్టలేక చిలుకమ్మ ఊరంతా చెప్పుకుంది. వారం తిరక్కుండా అది చేజారింది. అప్పుడు ఓదార్చింది తేజూనే. "ఈసారి బయానా అయ్యేదాక ఎవ్వరికీ చెప్పకు వదినా. నాక్కూడ చెప్పకు! నేను కొన్నా నీకు చెప్ప" అని ఒట్టు పెట్టించుకుంది. ఇద్దరూ ఒట్టు నిలబెట్టుకున్నారు. ఒకే ఇంటికి ఇద్దరూ వేలం పాడారు!

"వదినా... ఉన్నవా? మాట్లాడవేంది?"

"ఉన్న బిడ్డా... సంతోషంల మాట రాలే" అంది చిలుకమ్మ. అని ఫోను పెట్టేసి, దొడ్లోకి పరుగెత్తి నోరు పుక్కిలించి ఉమ్మింది. ఒకసారి కాదు, పదిసార్లు. నిన్న ఈ నోటితోనే కదా తిట్టింది! తన చేత్తో ముద్దలు కలిపి పెట్టిన పిల్లను, ముద్ద మింగొద్దని శపించింది! "దేవుడా... ఆ మాట నాకే తగలనియ్యి. దానికి, దాని పసిదానికి తగలనియ్యకు" అని చెంపలు వాయించుకుంటుంటే సాంబయ్య వచ్చి చేతులు పట్టుకున్నాడు.

సంగతి విని ఆయన అక్కడే బండ మీద కూర్చున్నాడు. "చెల్లెకు చెప్దామా?" అన్నాడు.

"వద్దయ్యా! నీకు దండం పెడ్త! ఆ రెండో పార్టీ మనమే అని తెలిస్తే అది ఆ ఇంట్ల కంటినిండ నిద్రపోతదా? గిర్నీ పోతే పోనీ... కూలికి పోతం. దాని ముఖం చిన్నవోతే నేను సూడలేను."

రెండు నెలలు గడిచాయి. రిజిస్ట్రేషన్ అయింది, సున్నాలు వేశారు. తేజు పలుమార్లు "వదినా, ఇల్లు చూద్దువు రా" అని పిలిచినా చిలుకమ్మ ఏదో వంక చెప్పి తప్పించుకుంది. గృహప్రవేశం నాడు మాత్రం తప్పేదెట్లా? పుట్టింటివాళ్లు ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పొయ్యాలి. తల్లి లేని పిల్లకు తల్లి స్థానం వదినదే. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పట్టుచీర... ఏదీ తక్కువ కాకుండా గంపకెత్తుకుని, నవ్వు ముఖం పెట్టుకుని చిలుకమ్మ సాంబయ్య వెంట ఆ సందులోకి అడుగుపెట్టింది. షట్టర్ గది దగ్గరికి రాగానే మాత్రం తల పక్కకు తిప్పుకుంది. మరిపెడ ఆయన సోమవారం ట్రాలీ ఆటో తెచ్చి గిర్నీ తీసుకుపోతానన్నాడు.

ముగ్గు మీద పీట వేశారు. తేజు కొత్త చీరలో, పాపను ప్రదీప్ చేతికిచ్చి కూర్చుని కొంగు పట్టింది. ముత్తైదువులంతా చుట్టూ చేరారు. చిలుకమ్మ దోసిట్లోకి బియ్యం తీసుకుంటుండగా, ఇల్లు అమ్మిన మనిషి కదా అని పిలిస్తే వచ్చిన చంద్రయ్య సారు కళ్లద్దాలు సవరించుకుని, "అరె! నువ్వు గిర్నీ అమ్మవు గదా!" అన్నాడు.

చిలుకమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆ పెద్దమనిషికి అర్థమైతేగా!

"మూడుసార్లు వచ్చి షట్టర్ కొలుచుకొని పోయినవ్. నలభై మూడు దాక వచ్చిన రెండో పార్టీ మీరే గదమ్మా! ఇద్దరు ఒక్కింటోళ్లా? మరి ముందుగాల్నే ఒక్క మాట చెప్పుకోకపోతిరి..."

తేజు నెమ్మదిగా తలెత్తి వదిన ముఖంలోకి చూసింది. అందులో అంతా రాసే ఉంది!

"గిర్నీ... గిర్నీ కోసమా వదినా? ఈ ఇల్లా నువ్వు చూసుకున్నది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు బిడ్డా? మంచి గడియ దాటిపోతది. కొంగు పట్టు."

తేజు కొంగు పట్టలేదు. ఉన్న కొంగు కాస్తా ముడుచుకుని గుప్పిట్లో బిగించింది. "గిర్నీ ఏమైతుంది?" అంది.

సాంబయ్య తలొంచుకుని, "సోమవారం అమ్ముతున్నం చెల్లె" అన్నాడు.

"నన్ను చదివించిన గిర్నీనా!" తేజు ఏడుపు ఆగలేదు. "షట్టర్ గదిల గిర్నీ పెట్టు వదినా. నువ్వు ఊ అంటేనే నేను ఒడి పడ్త. లేకుంటే ఈ బియ్యం వాపస్ తీస్కపో!"

ముత్తైదువులు ముక్కున వేలేసుకున్నారు. ఒడిబియ్యం కాదనడం ఎక్కడన్నా ఉందా? చిలుకమ్మ కంగారుగా చుట్టూ చూసింది. "తప్పు బిడ్డా! ఆడబిడ్డ ఇంట్ల వడి బతుకుతున్నరు అంటది లోకం. పుట్టింటోళ్లు పెట్టాలె గని తినొద్దు. ఆ గదిని మందుల షాపాయన అద్దెకు అడుగుతుండు అన్నవ్ గదా..."

"ఆయన ఇంకో షట్టర్ చూసుకుంటడు. ఊరికే ఇస్తనంటినా నీకు? అద్దె ఇయ్యి! అయిదుగురు ఓనర్లకు ఇయ్యలేదా? ఆరోదాన్ని నేను. ఒకటో తారీఖు దాటితే మీది మీదికొస్త చూడు!"

ఏడుస్తూనే ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రదీప్ పాపను భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. "ఒప్పుకో అక్కా. నేను వారానికి ఒక్కపూట ఉండేటోన్ని. పసిపిల్లతోని ఇది నైట్ డ్యూటీకి పోవాలంటే ఇంటి ముందట మా మనిషి ఉన్నదన్న ధైర్యం మాక్కూడ కావాలె" అన్నాడు. మాట తీరు చూస్తే మర్యాదకు అన్నట్టు లేదు.

చిలుకమ్మ అక్కడే కూలబడి తేజు మోకాళ్ల మీద తల పెట్టేసింది. "నీకు తెల్వది బిడ్డా... నాకు ఆ అర్హత లేదు. నిన్ను తిట్టిన! రెండో పార్టీ ఎవరో తెల్వక, ఆ ఇంట్ల సుఖంగ ముద్ద మింగొద్దని తిట్టిన! ఈ రెండు నెలలు ఆ మాట నా గొంతుల ముల్లోలె ఉన్నది..."

తేజు వదిన గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"నేను తక్కువ తిట్టిన్నా వదినా? లక్ష లక్ష పెంచుతుంటే, ఆ రెండో పార్టీ చేతులు విరిగిపోను అన్న! నాకు జడలేసిన చేతుల్ని..." అని ఆ రెండు చేతులూ కళ్లకద్దుకుని వలవలా ఏడ్చింది. "అడగందే అమ్మయినా పెట్టదంటరు. నేను అడగకముందే పెట్టినవ్ నువ్వు. ఇయ్యాల్ల మొదటిసారి అడుగుతున్న... ఒప్పుకో వదినా!"

ఇద్దరి తిట్లూ చెల్లుకు చెల్లు అయిపోయాయి అంటూ చంద్రయ్య సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చిలుకమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన అప్పటికే బయటికి నడిచి, ఫోనులో మరిపెడ ఆయనతో గట్టిగా చెబుతున్నాడు: "సోమవారం బండి తేకన్నా! మా గిర్నీ అమ్ముడు లేదు..."

"కారం పట్టిన నాడు తుమ్ములొస్తయ్ మరి" అంది చిలుకమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"రానీ."

అప్పుడు తేజు గుప్పిట విప్పి కొంగు పరిచింది. చిలుకమ్మ దోసిళ్లతో బియ్యం పొయ్యడం మొదలుపెట్టింది. ఆనవాయితీ ప్రకారం అయిదు దోసిళ్లు. ఆమె అయిదు దాటింది, ఏడు దాటింది, కన్నీళ్లలో లెక్క తప్పింది. ఆపమని ఎవ్వరూ అనలేదు.