మల్లెపొదలకు రెండు బకెట్లు

"ఆ బకెట్ కింద పెట్టండి, ఆపరేటర్ గారూ."

గంగాధరరావు ఉలిక్కిపడ్డాడు. సగం నీళ్లు అతని చెప్పుల మీదే ఒలికాయి. పెరటి గుమ్మంలో కాంతం నిలబడి ఉంది, చేతిలో కొడవలి.

అసలే మనిషి అలిసిపోయి ఉన్నాడు. స్టీల్ ప్లాంట్ కడుతున్న చోట పొద్దుటి నుంచీ క్రేన్ నడిపి, గాజువాకలో బస్సు దొరక్క ఎర్రదుమ్ములో నడుచుకుంటూ వచ్చాడు. రోజు మొత్తంలో విసుగు పుట్టని పని ఈ రెండు బకెట్లు మోయడం ఒక్కటే.

"ఎన్నాళ్ల నుంచి పోత్తన్నారు?"

"నెలన్నర అయిందండి, రోజూ చీకటి పడ్డాక. వాడిపోతున్నాయని..."

కాంతం గుమ్మం మీదే కూలబడింది. తిట్టినా బాగుండేది.

"కార్తీకం నుంచి నాను సుక్క నీళ్లు పొయ్యకుండా ఎండగడతన్నాను. ఈ పొదలు ఆకెందుకు రాల్సవో తెలీక బుర్ర బద్దలు కొట్టుకుంటన్నాను. ఇదన్నమాట."

"ఎండగట్టడం ఏంటండీ? చచ్చిపోవూ?"

"మల్లె అంత వేగం సావదు. సలికాలం నీళ్లు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించాల. అప్పుడు ఎరువేసి నీళ్లు పెడితే మొగ్గేత్తాది. కడుపు నిండిన పొద ఆకులేసుకుంటాది గాని పువ్వెందుకు పూత్తాది?"

గంగాధరరావుది కోనసీమ. ఇంటి ముందే కాలవ పారే ఊరు. మొక్క వాడితే నీళ్లు పొయ్యడం తప్ప అతనికి మరో వైద్యం తెలీదు. ఈ పునరావాస కాలనీలో కాంతం వాళ్ల గది అద్దెకు తీసుకున్న రోజు నుంచీ ఆమె మెప్పు పొందాలని చూస్తున్నాడు. తీరా చేసిన సాయం ఇదీ.

ఆ పన్నెండు పొదలూ ఫ్యాక్టరీ కిందకి పోయిన వాళ్ల తోటలోవి. తల్లి వరహాలమ్మా, కాంతం కలిసి తవ్వి, వేళ్లకు తడి గోనె చుట్టి తెచ్చి ఇక్కడ నాటారు. రెండేళ్లుగా ఒక్క మొగ్గ లేదు.

"ఉగాదికి పుయ్యకపోతే ఈ నేల మనకి అచ్చిరాదంది అమ్మ. అనకాపల్లి మా మావ ఇంటికి ఎల్లిపోతాం," అంది కాంతం నీరసంగా.

గంగాధరరావు బకెట్ కింద పెట్టేశాడు. ఉండిపొమ్మని నోరు తెరిచి అడగలేని పెద్దమనిషి, నెలన్నర పాటు రోజూ రెండు బకెట్లు మోసి మరీ ఆమెను ఊరు దాటిస్తున్నాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

"ఏటీ సెయ్యకండి. పదేను రోజులు ఇటు రాకండి. వాడిన మొక్కని సూత్తే మీరాగలేరు."

అతను పెరటి వైపు వెళ్లలేదు. గది కిటికీ మూసేసుకున్నాడు. పదిహేను రోజులయ్యాక కొమ్మలు నరికే చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వీధి కుళాయి నుంచి ఆమె ఒక్కతే నీళ్లు మోసుకొస్తున్న అడుగులూ వినిపించాయి. లేచి వెళ్లాలనిపించేది. మళ్లీ ఏం పాడు చేస్తానోనని సిగ్గుపడి, ఓవర్‌టైమ్ అడిగి వేయించుకుని ఒళ్లు హూనం చేసుకున్నాడు.

ఉగాది పొద్దున్న రాత్రి షిఫ్ట్ దిగి వచ్చి, చొక్కా విప్పే ఓపిక కూడా లేక మంచం మీద కూర్చున్నాడు. పక్క వాటాలో సామాన్లు జరుపుతున్న చప్పుడైంది. సర్దేస్తున్నారు కాబోలనుకున్నాడు.

తలుపు తోసుకుని కాంతం వచ్చింది. కళ్ల కింద నలుపు, అరచేతుల్లో బొబ్బలు. బకెట్ తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

బకెట్ అడుగున తొమ్మిది మొగ్గలున్నాయి.

"సామాన్లు సర్దుతున్నారు కదండీ?" అన్నాడు అతను.

"పండగని ఇల్లు కడుగుతన్నాం. ఎక్కడికీ ఎల్లం." ఆమె గోడకు ఆనుకుంది. "పదేను రోజులన్నాను. రెండు నెల్లు ఆగమన్నదెవరు? నీళ్లు మానమన్నది సెట్లకి. నాకు కాదు."

గంగాధరరావు మొగ్గల్ని చూశాడు, ఆమె చేతుల్ని చూశాడు. అతనికి ఏడుపొచ్చింది.

"ఇకనుంచి మీరు మొయ్యకండి. రెండు బకెట్లూ నేనే మోస్తాను. ఎన్నేళ్లయినా."

తలుపు వెనక నుంచి వరహాలమ్మ గొంతు వినిపించింది.

"ఆ మాట నా దగ్గరకొచ్చి సెప్పు నాయినా. ముందు కాసేపు పడుకో. ఇద్దరూ నిలబడ్డానికే ఓపిక లేకుండా ఉన్నారు."