చీరల అడుగున ఫిల్ము

పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఆయన చూడలేదు. వంటింటి కిటికీ అద్దానికి ఒక ఎక్స్‌రే ఫిల్ము ఆనించి, పొద్దుటి వెలుగులో దాన్నే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో ఛాతీ ఫిల్ములు చూసిన డాక్టరు. ఉద్యోగం మానేసినా ఈ ఒక్క ఫిల్మును రోజూ చూస్తాడు.

అది భార్యది. దగ్గు వస్తోందంటే నాలుగేళ్ల కిందట తీయించారు. కుడి ఊపిరితిత్తి అడుగున మబ్బు పట్టినట్టు తెల్లగా ఉంది. "నిమ్ము చేరింది, మందులకు పోతుంది" అన్నాడు. పోయింది కూడా. కానీ ఎడమవైపు, గుండె నీడ వెనకాల, బఠాణీ గింజంత మచ్చ ఉంది. ఒకటి దొరికింది కదా అని ఆయన కన్ను అంతదూరం వెళ్లలేదు. ఏడాది తర్వాత తీసిన ఫిల్ములో అది నిమ్మకాయంత అయింది. పక్కన పెట్టి చూద్దామని పాతది అడిగితే, "ఎక్కడో పోయిందండీ" అంది ఆమె.

ఆమె పోయాక చీరల అడుగున దొరికింది. అప్పటినుంచి గోడ మీది చెమ్మలో, పాల మీగడలో, మూసిన రెప్పల వెనక ఆయనకు ఆ గింజే కనిపిస్తోంది.

"నాన్నా, పాలన్నీ పొయ్యికే తాగించావు." కూతురు వచ్చి స్టవ్ కట్టేసి దగ్గింది. మూడు వారాల దగ్గు. చేతిలో పెద్ద కవరు. "నిన్న తీయించాను. చూడు."

"ఆసుపత్రిలో డాక్టర్లు ఉన్నారుగా, వాళ్లకి చూపించు."

"ఊరందరివీ చూశావు, నాది చూడవా?"

"నా కళ్లు పనికిరావమ్మా."

"రోజూ అమ్మది చూడ్డానికి పనికొస్తున్నాయిగా."

ఆయన ఫిల్మును గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు. "నీకు తెలీదు. మీ అమ్మకీ తెలీదు. నన్ను నమ్ముకుని పోయింది పిచ్చిది."

కూతురు ఆయన పక్కకి వచ్చి నిలబడింది.

"అమ్మకి తెలుసు నాన్నా. రెండోది వచ్చిన రోజు నువ్వు మందులకి వెళ్లావు. అమ్మ రెండూ ఈ కిటికీకే పెట్టి చూసింది. 'మీ నాన్న ఇక్కడే ఎన్ని చూపించలేదు, ఆ మాత్రం పోల్చుకోలేనా' అంది. 'ఈ పాతది ఆయన కంటపడితే ఇంకో ఫిల్ము ముట్టుకోరు, పాపం ఆసుపత్రిలో ఎంతమంది కాచుకుని ఉంటారో' అని తనే చీరల కింద పెట్టింది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

ఆయన అక్కడే గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఆమె కోపగించుకుని ఉంటే బాగుండేదనిపించింది. చాలాసేపటికి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇటివ్వు" అన్నాడు.

రెండు ఫిల్ములూ అద్దానికి పక్కపక్కన పెట్టాడు. వేలు మెల్లగా కదిలి కుడివైపు అడుగున ఆగింది. "ఇదిగో, నిమ్ము. కొంచెమే."

"హమ్మయ్య" అంటూ కూతురు ఫిల్ము తీయబోయింది.

"ఆగు. ఇంకా చూడలేదు."

వేలు ఎడమవైపుకి, గుండె నీడ మీదికి జరిగింది. అక్కడ చాలాసేపు ఆగిపోయింది.

"ఇక్కడేం లేదు తల్లీ" అన్నాడు. తర్వాత భార్య ఫిల్మును జాగ్రత్తగా దించి కూతురికిచ్చాడు. "ఇది అమ్మ పెట్టినచోటే పెట్టు. నీది మాత్రం నాకు తెలిసేచోట ఉంచు. ఆరు వారాలకి ఇంకోటి తీయించి, రెండూ పక్కన పెట్టి చూడాలి."