మూడో మెట్టు మడ్డి

ఆ పొద్దున ఆకాశం గంజిలో ముంచి ఆరేసిన గుడ్డలా తెల్లగా, బిర్రుగా ఉంది. అది మబ్బు కాదు. పైన నీడ అద్దాలను తిప్పుతున్నారు. ఎండాకాలానికి ముందు ఏటా తిప్పుతారు. భూమి మీద పడే ఎండలో కొంత వెనక్కి తోసేసే అద్దాలవి. అవి వచ్చాకే మదనపల్లె చుట్టుపక్కల వేరుశనగ మళ్ళీ పండుతోంది. తూర్పున ఒక అద్దం మాత్రం తిరగలేదు. అది వంకరపోయి నాలుగేళ్ళయింది. దాన్ని బాగుచెయ్యడానికి పైకి వెళ్ళిన శేషు తిరిగి రాలేదు. తాడు తెగిందన్నారు. శవం దొరకలేదు.

శేషు భార్య వకుళ తూర్పు వైపు చూడకుండానే గేటు తీసింది. వ్యాన్ లోపలికి వచ్చింది. వీధి చివర నీటి శాఖ ట్యాంకరు అప్పటికే నిలబడి ఉంది. ఇళ్ళలో ఈతకొలను ఉన్నవాళ్ళు నీళ్ళు పారబొయ్యకూడదు, మురగనివ్వకూడదు. ఇవాళ సాయంత్రానికి ఈ ఇంటి కొలను అడుగు శుభ్రం కాకపోతే ట్యాంకరు వచ్చి నీళ్ళన్నీ తోడుకుపోతుంది. మళ్ళీ నింపుకోవడానికి అనుమతి రాదు.

వ్యాన్ దిగినాయన పేరు ఓబులేసు. నీటి శాస్త్రవేత్త. జల్లెడకన్ను అనే యంత్రం కనిపెట్టింది ఆయనే. కొత్త కొలనులైతే కంపెనీ మనుషులే వచ్చి బిగించిపోతారు. ఇది శేషు తాత కట్టించిన పాత కొలను. దీని గోడలో యంత్రం గొట్టం తగిలించే రంధ్రమే లేదు. అందుకని ఆయనే వచ్చాడు.

వరండాలో కుర్చీలో శేషు తల్లి తులశమ్మ కూర్చుని ఉంది.

"నువ్వేనా నాయనా, మడ్డిలో మనిషిని గుర్తుపడతావంట?"

"నేను కాదమ్మా. యంత్రం."

ఆయన దించిన పెట్టె చూడ్డానికి బియ్యం డ్రమ్ములా ఉంది. అది అడుగున పేరుకున్నదాన్ని వాక్యూమ్‌తో పీల్చి, వడకట్టి, ఇసుక, ఆకు, వెంట్రుక, చర్మపు పొట్టు వేరు చేస్తుంది. నీళ్ళను మళ్ళీ కొలనులోకే వదులుతుంది. మనిషి ఒంటి నుంచి రాలిన పొట్టులో ఆ మనిషి జన్యుముద్ర ఉంటుంది. జల్లెడకన్ను దాన్ని చదివి, ఎవరిది వాళ్ళకు వేరే గిన్నెలో పోస్తుంది. అందరూ వాడే నీళ్ళలోకి రోగం ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకుందామని ఓబులేసు దాన్ని చేశాడు. జనం మాత్రం ఇంకోదానికి పిలవడం మొదలుపెట్టారు.

"వాడు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ఈదేవాడు," అంది తులశమ్మ. "వాని ఒంటిది ఆ అడుగునే ఉంది. పైనుంచి మాకు చొక్కా గుండీ కూడా రాలేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరినీ అడుగు తియ్యనియ్యలేదు. తీసినాక వాడిది నా చేతికియ్యి. అంతే నేనడిగేది."

"తీసెయ్యండి సార్," అంది వకుళ. "ఎవరి చేతికైనా ఇవ్వండి. ఇది అయిపోతే చాలు."

"దానికేం, అట్లే అంటాది," అంది తులశమ్మ. "ఆ నీళ్ళ దిక్కు ఒక్కనాడు పోయింది లేదు."

"నువ్వు పొయ్యినావా?"

"నాకు మోకాళ్ళు యాడున్నాయి మెట్లు దిగను?"

వాళ్ళ గొంతుల్లో కోపం లేదు. రోజూ చదివే పాఠం అప్పజెప్పినట్టు ఉంది. ఓబులేసు తులశమ్మ చీర అంచు చూశాడు. పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు చూశాడు.

పెట్టెను కొలను పంపుకు కలిపి పని మొదలుపెట్టారు. గోడలో నీటి మట్టం దగ్గర చెత్తను లాగే నోరొకటి ఉంది. దాని బుట్ట తీసి, పాత ట్యూబు రబ్బరు కోసి వాషరు చేసి, గొట్టం అక్కడ తగిలించాలి. గొట్టం రెండో కొసకు చక్రాలున్న పీల్చుమూతి బిగించి అడుగుకు దించాలి. కష్టమల్లా గాలితోనే. గొట్టంలో గాలి మిగిలితే పంపు గాలి మింగి ఆగిపోతుంది. ముందు దాన్ని నీళ్ళతో నింపాలి.

"అమ్మా, నీళ్ళు తిరిగొచ్చే రంధ్రానికి గొట్టం మూతి ఆనించి పట్టుకో. ఆ కొసన బుడగలు ఆగేదాకా తియ్యొద్దు."

వకుళ గట్టు మీద మోకరించి పట్టుకుంది. బుడగలు వచ్చాయి. కాస్త తగ్గాయి. అవి ఆగకముందే తీసేసి గోడలోని నోటికి తగిలించింది. పంపు గాజుమూత కింద నీళ్ళు ఎగిరెగిరిపడ్డాయి, పంపు ఒక్కసారి గరగరమని ఆగిపోయింది.

"నాలుగేండ్లు ఆగింది, నాలుగు బుడగలకు ఆగలేకపొయ్యింది," అంది తులశమ్మ వరండాలోంచి.

వకుళ గొట్టం మూతి సరిచేసుకుంది. మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఆఖరి బుడగ పోయాక కూడా చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఓబులేసు భుజం తట్టి "చాలు తల్లీ" అన్నాక వదిలింది.

పంపు నీళ్ళు లాగడం మొదలుపెట్టింది. పీల్చుమూతి అడుగున మెల్లగా నడిచింది. అది నడిచినంత మేర నీలం పలకలు బయటపడ్డాయి. ఆఖరున మెట్ల మీదకెక్కింది. నీళ్ళలో మునిగిన మూడో మెట్టు మీద ఎక్కువసేపు ఆగింది.

శేషు నమూనా లేదు. బిడ్డలో సగం తల్లిదే కాబట్టి తులశమ్మ వేలు యంత్రం పలక మీద పెట్టించాడు. తీసెయ్యవలసింది తెలియాలని వకుళ వేలు కూడా పెట్టించాడు. తులశమ్మ స్టీలు గిన్నె ఒకటి తోమి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

జల్లెడకన్ను ఆడా మగా కాని గొంతుతో చెప్పింది. "శేషు అనే వ్యక్తి జన్యుముద్ర ఇందులో లేదు."

"ఇంకోసారి చూడు," అన్నాడు ఓబులేసు.

"అడుగంతా చూశాను. క్లోరిన్, ఎండ కలిస్తే ముద్ర కొన్ని నెలలే నిలుస్తుంది. ఆయనవి చాలా కాలం కిందటే కరిగిపోయి ఉంటాయి."

తులశమ్మ గిన్నెను కిందా మీదా తిప్పింది. "ఏదో ఒకటి పోసియ్యరాదా నాయనా. నాకేం తెలుస్తాది?"

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా. నేను చెప్పగలను. చెప్పమంటే చెప్తా."

ఆమె గిన్నెను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. మొహంలో ఏమీ కదల్లేదు. వకుళ మొహమూ అంతే. ఎప్పుడో మొద్దుబారిన చోట మళ్ళీ సూది గుచ్చితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నారిద్దరూ.

చివరికి వకుళ అడిగింది. "మరి ఆ మెట్టు మీద అంతసేపు ఆగిందే. అక్కడుండేది ఎవరిది?"

"మూడో మెట్టు మీద ఇద్దరివి ఉన్నాయి," అంది యంత్రం. "అరికాళ్ళ పొట్టు. పలక మీద వేలు పెట్టిన ఇద్దరిదే. పొరలు పొరలుగా, ఒకరిదాని మీద ఒకరిది. పైపొర నిన్నటిది."

తులశమ్మ కాళ్ళు చీర అంచు కిందికి లాక్కుంది.

వకుళ తలెత్తి పెరటి తీగ వైపు చూసింది. తులశమ్మ చీర ఆరేసి ఉంది. కింది అంచు జానెడు మేర రంగు పోయి తెల్లబడింది. పక్కనే తన సల్వారు. దాని కాళ్ళు కూడా అంతే ఎత్తున తెల్లబడ్డాయి. క్లోరిన్ నీళ్ళు తిన్న గుడ్డ అట్లాగే అవుతుంది. ఆ తీగ మీద ఆ బట్టలు నాలుగేళ్ళుగా పక్కపక్కనే ఆరుతున్నాయి. ఆరేసిందీ, మడతపెట్టిందీ ఈ ఇద్దరే. ఆ తెలుపు పొద్దున వచ్చిన ఓబులేసుకు మాత్రం రాగానే కనబడింది.

"నువ్వెప్పుడు దిగేదానివి అత్తా?"

"నువ్వు ఆఫీసుకు పొయ్యినాక. కమ్మీ పట్టుకోని దిగేదాన్ని. నువ్వు?"

"నువ్వు పొద్దున పూజలో ఉన్నప్పుడు."

"మాటైనా చెప్పలేదేంమే."

"నువ్వు చెప్పినావా?"

జల్లెడకన్ను మళ్ళీ మాట్లాడింది. "మడ్డి సిద్ధంగా ఉంది. ఇద్దరివీ రెండు గిన్నెల్లోకి వేరు చెయ్యనా?"

వేరు చెయ్యడానికే దాన్ని తయారుచేశాడు ఓబులేసు. అది కనిపెట్టినందుకు ఆయనకు శాలువాలు కప్పారు. ఆయన ఇద్దరి వైపూ చూశాడు. తులశమ్మ ఒళ్ళోని గిన్నె వకుళ తీసుకుని లోపలికి పోయింది. యంత్రానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ట్యాంకరు మనిషి వచ్చి కొలనులోకి తొంగిచూశాడు. అడుగు పలకలు కనబడుతున్నాయి. తల ఊపి వెళ్ళిపోయాడు. వీధిలో ట్యాంకరు కదిలిన చప్పుడు వినిపించింది.

లోపల వకుళ సంగటి కెలికింది. రోజూ ఆమె తన గదిలో తింటుంది, తులశమ్మ వంటింట్లో తింటుంది. ఇవాళ వరండాలో మూడు భోజనం తట్టలు పెట్టింది. కుర్చీ పక్కన పీట వేసుకుని తనూ కూర్చుంది. ఓబులేసు వద్దంటూనే చేతులు కడుక్కుని వచ్చాడు. తులశమ్మ ముద్దలు చేసి పెట్టింది. వకుళ చెనిగ్గింజలు నూరిన ఊరిమిండి పచ్చడి వడ్డించింది. తోమి పెట్టిన ఆ గిన్నెలోనే నెయ్యి తెచ్చింది.

బయట జల్లెడకన్ను జవాబు కోసం పచ్చదీపం ఆర్పకుండా ఎదురుచూస్తోంది. తూర్పున ఆకాశంలో అద్దం వంకరగానే ఉంది.

తులశమ్మ కోడలి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసింది. వకుళ తలెత్తలేదు. తట్ట కాస్త అత్త వైపు జరుపుకుంది. ముగ్గురూ తిన్నారు.