గోలీ చుట్టు తిరగలేదు

అమూల్య వదిలిన గోలీ చుట్టు సగం ఎక్కి టప్పున కింద పడేసరికి యమున వంగి దాన్ని ఏరి కూతురి చేతికిచ్చింది. నిన్న సాయంత్రం ఎన్నిసార్లు వదిలినా చక్కగా తిరిగిన గోలీ అది.

"మళ్ల ఇడువు బిడ్డా."

మళ్లీ పడింది.

పొలంలో మిగిలిన పైపులను నిలువునా చీల్చి, పెద్ద చెక్కపలక మీద మేకులతో నిలబెట్టిన గోలీల బాట అది; పైనుంచి జారిన గోలీ కింద గుండ్రంగా వంచిన చుట్టు ఎక్కి తిరిగి రావాలి. ఎనిమిదో తరగతి అమూల్య కష్టం. జనగామలో సైన్సు పోటీకి తీసుకెళ్లే ఆటో ఇంకాసేపట్లో వాకిట్లోకి వస్తుంది. అక్కడ ఎంపికైతే ఊరి బడిలోనే చదువు. లేదంటే హనుమకొండ హాస్టల్. తండ్రి యుగేందర్ పెట్టిన షరతు అది.

"అమ్మా, పైన గొట్టాలు కిందికి దిగినయ్. ఎత్తు తగ్గితే గోలీకి ఊపు సాలది, చుట్టు ఎట్ల ఎక్కుతది? ఎవలో మేకులు పీకి మార్చిండ్రు." అమూల్య గోలీని పక్కన పడేసింది. "ఏది ఏడ ఉండెనో మళ్ల సూసుకోవాల్నంటే పూట పడుతది."

యమున విసురుగా పెరట్లోకి వెళ్లింది. యుగేందర్ వేపపుల్ల నములుతున్నాడు.

"పిల్లను హాస్టల్‌కు తోలాలన్న ఆత్రం గింతనా? మేకులు పీకినవా?"

"నేనా? ఏం మాట్లాడుతున్నవ్?"

"రాత్రి అనలేదా, గోలీలాటకు సైన్సని పేరు పెట్టిండ్రని?"

"అన్న. అంటే పీకుతనా? గా పైపులు కోసిచ్చింది ఎవలు, నీ అన్ననా?"

అమూల్య గడప దగ్గర నిలబడింది. "బాపు, నిజం చెప్పు. నేనేమనను."

"నీ మీద ఒట్టు బిడ్డా." యుగేందర్ పుల్ల పారేశాడు. కూతురు కూడా తననే అనుమానించేసరికి ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

వీధి మలుపులో ఆటో హారన్ మోగింది.

అప్పుడు యమున చూపు అరుగు మీద కూర్చున్న మామ కొమురయ్య మీద పడింది. చాయ్ ముట్టలేదు. ఓపిక ఉన్నన్నాళ్లు చెరువు తూము దగ్గర పొలాలకు నీళ్లు వదిలిన మనిషి. ఆ పని మానేసి చాలా కాలమైంది. అయినా వేళ్లకు తడి మట్టి ఉంది.

కొమురయ్య మెల్లగా లేచి, రొండిన దోపుకున్న మేకులు తీసి మనవరాలి అరచేతిలో పోసి, కోడలి వైపు తిరిగాడు.

"వాన్ని అనకు బిడ్డ. పీకింది నేనే. నిన్న సూసిన, గోలీ మీదినుంచి ధబ్బున దుంకుతున్నది. కాలువకు గంత వాలు పెడితే మట్టి కోసుకపోయి కట్ట తెగుతది. జనగామల నా మనుమరాలి బాట తెగితే హాస్టల్‌కు తోలుతడు గదా అని, పొద్దుగాల్నే లేచి వాలు సదును జేసిన. గోలీ నీళ్ల లెక్క గాదని నాకేం ఎరుక? మీరు కొట్లాడుతుంటె నోరు లేవలే. పాత తూట్లు మట్టితోని పూడ్సిన. ఏడేడ పూడ్సిన్నో నా వేలికి ఎరుకే, సూపెడ్త. యుగేందర్, నువ్వు సుత్తె పట్టు కొడుకా. ఆటోను జర ఆగమనుండ్రి."