గుండీల డబ్బా మోగే మేడ

మన్నాఏఖేళ్ళి మార్కెట్‌ల భీమ్‌రావ్ మామ మేడ మీద ఎవ్వరూ నిలువరు. ఏడాదిల ఇద్దరు కిరాయిదార్లు సామాను సదురుకొని పోయిండ్రు. చీకటి పడితే నేల అదురుతది... మనిషి మాత్రం కనబడడు.

బట్టలు కుట్టే రిబ్కక్కకు ఇదంత తెలుసు. అయినా అక్కడనే కుట్టుమిషిను పెట్టింది. ఈ ముచ్చట నాకు ఆమెనే చెప్పింది.

ఒకనాడు రాత్రి కరెంటు పోయింది. తెల్లారితే పెండ్లిపిల్లకు జాకెట్లు ఇయ్యాలె. అక్క ఫోను లైటు పెట్టుకొని హుక్కులు కుడుతాంది.

గల... గల...

డబ్బాల గుండీలు! వాటంతట అవే మోగుతున్నయి. చెంబుల నీళ్ళు వణుకుతున్నయి. అరికాళ్ళ కింద దడ్... దడ్... ఎవరో నడుస్తున్నట్టే.

గదిల ఎవ్వరు లేరు. చెక్క అడ్డుగోడ అవతలి హాలుకు ఎప్పుడు తాళమే ఉంటది.

ఉరుకుదామంటే — పెండ్లిపిల్ల ఏం తొడుక్కుంటది? అక్క గుండె గట్టి చేసుకొని లేచి నాలుగడుగులు వేసింది.

అటు అడుగులు ఆగినయి.

అక్క ఆగింది. అటు మెల్లగ... ఒక్క అడుగు.

"యేసయ్యా..." అని గొణిగింది అక్క.

గోడ అవతల వణికే గొంతు — "హనుమంతా... కాపాడు తండ్రీ..."

దెయ్యం హనుమంతుని పిలుస్తదా?

"ఎవరది?" అన్నది అక్క.

"నే... నేను భీమ్‌రావ్‌ను. నువ్వెవరు?"

"రిబ్కను మామా! చీకట్ల ఏం చేస్తుండ్రు?"

"మెల్లగ మాట్లాడు! షుగరుకు నడువమన్నడు డాక్టరు. బజార్ల నడిస్తే దోస్తులు నవ్వుతరు. దుకాణం మూసి పోయినవనుకున్న. నేల అదిరేసరికి నా పానం పోయింది!"

రెండు దిక్కులకు ఒక్కటే పల్చని స్లాబు. ఆయన నడిస్తే ఈమె దిక్కు అదురుతది, ఈమె నడిస్తే ఆయన దిక్కు. గోడకు అటొకరు ఇటొకరు కడుపు పట్టుకొని నవ్విండ్రు. జాకెట్లు పొద్దుగాల పెండ్లింటికి చేరినయి.

మర్నాడు రాత్రి మళ్ళ గలగల.

"మామా, జర మెల్లగ! సూది తప్పుతాంది," అని నవ్వుకుంట అరిచింది అక్క.

అడుగులు మెల్లగయినయి... పిల్లి నడిచినట్టు.

తెల్లారి మామ భార్య రాచమ్మత్త మెట్ల కాడ కలిసింది. "మామకు చెప్పత్తా, నిన్న మంచిగ నడిచిండని," అన్నది అక్క.

"ఏడ నడిచిండే? నిన్న పొద్దుగాలనే చిట్గుప్ప ఊరికి పోయిండు, ఇంక రాలే. హాలు తాళంచెవులు ఇగో, నా నడుముకే ఉన్నయి."

నేను అక్క దగ్గరికి జరిగి అడిగిన. "మరి ఖాళీ చెయ్యవా అక్కా?"

అక్క దారం పుటుక్కున కొరికింది.

"ఎందుకే? చెప్తే వింటాంది గద."