గరుకు గోడ, నున్నటి ఏరు

ఆదివారం పొద్దున్న కాఫీలయ్యాక, ఆయన ఎప్పటిలాగే బల్ల తుడిచి ఆట పెట్టె తెచ్చాడు. లోపలున్నవి చదరపు అట్టబిళ్లలు. ఒక్కోదాని మీద దారి ముక్కో, ఏటి ముక్కో, కోటగోడ ముక్కో ఉంటుంది. సంచిలోంచి ఒకటి తీసి దారికి దారి, గోడకి గోడ కలిసేలా పెట్టాలి. కోట ముగించినవాళ్లకి పాయింట్లు. ఒకప్పుడు ఈ ఆటలో మొగుడూపెళ్లాల గొడవకి పక్కింటివాళ్లు కిటికీలు వేసుకునేవాళ్లు.

ఆవిడ దర్జీ. వీధివీధంతటికీ బట్టలు కుట్టిన కళ్లకి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనడం లేదు. ఆమె వంతు కూడా ఆయనే ఆడుతున్నాడు.

“నీకు దారి మలుపు వచ్చింది. ఎడంపక్క పెట్టేస్తున్నా. అబ్బ, కోట పూర్తయింది! మళ్లీ నువ్వే గెలిచావోయ్!”

ఆవిడకి ఒళ్లు మండింది. “దారి మలుపుతో కోట ఎలా పూర్తవుతుందండీ? నాకు చూపు పోయింది కానీ బుర్ర పోలేదు.”

వంటింట్లోంచి కూతురు పరుగున వచ్చింది. “నువ్వు సంతోషపడతావనే కదమ్మా...”

“ఏం సంతోషమే! మీ నాన్న నాతో పోట్లాడి ఎన్నాళ్లయిందో తెలుసా? ఎదురుగా కూర్చుని నన్ను చంటిపిల్లలా ఆడిస్తున్నారు. నాకు నా మొగుడు కావాలి, ఆయా కాదు!”

ఆయన లేచి వెళ్లి, ఆమె గుడ్డపీలికల మూట తెచ్చి ఒళ్లో పెట్టాడు. “నీ వేళ్లకి ఏది ఎలా తెలియాలో నువ్వే చెప్పు,” అన్నాడు.

ఆ వారమంతా ముగ్గురికీ అదే పని. దారికి నాడా, ఏటికి నున్నటి పట్టు, కోటగోడకి గరుకు జీన్స్ గుడ్డ. ఆవిడ కొలిచి కత్తిరించింది, కూతురు బొమ్మ చూసి అతికించింది. ఆయన జిగురు పూశాడు, బిళ్లలకి కొంత, చొక్కాకి మరికొంత. తడిమినప్పుడు బిళ్లలు చెదరకుండా బల్ల మీద రబ్బరు షీటు పరిచారు.

మళ్లీ ఆదివారం సంచిలోంచి బిళ్ల ఆవిడే తీసింది, ఆవిడే తడిమి పెట్టింది. మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడో ఆటలో ఆయన కళ్లు చిట్లించాడు.

“సంచిలో అంతసేపు ఏం చేస్తున్నావు?”

“ఏం లేదే.”

నిజానికి వేళ్లకి గరుకు తగిలాక దాన్ని వదలబుద్ధి కాలేదు ఆవిడకి.

“ఏం లేదేంటి! తడిమి తడిమి గోడలన్నీ నువ్వే ఏరుకుంటున్నావు! దొంగాట! శుద్ధ దొంగాట!” ఆయన బల్ల గుద్దాడు. బిళ్లలన్నీ ఎగిరిపడ్డాయి.

కూతురు నెత్తి కొట్టుకుంది. “అయ్యో, ఇది మనకి తట్టనే లేదు!”

ఆవిడ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. ఆయన హడలిపోయి పక్కకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏమైంది? గట్టిగా అరిచేశానా?”

“ఇంకాస్త గట్టిగా అరవండి,” అంది ఆవిడ.

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. “దొంగమొహందానా!” అని ఇల్లదిరేలా అరిచాడు, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటూ.