ఇంకొకరికి చోటు

ఆ అపార్ట్‌మెంట్లో గోడలు ఒకచోట నిలవవు. లోపల ఎంతమంది ఊపిరి పీలుస్తున్నారో ఇల్లే పసిగట్టి, దానికి తగ్గట్టు జరిగి గదులు పంచుతుంది. మనిషి బయటికెళ్తే అతని మంచం గోడలోకి ముడుచుకుపోతుంది. తిరిగొస్తే బయటికొస్తుంది. ఊళ్లో చోటు కరువై ఇప్పుడన్నీ ఇలాంటి ఇళ్లే కడుతున్నారు.

"మనుషులు సర్దుకుపోవడం మానేశారు. పాపం, గోడలు నేర్చుకున్నాయి," అని నవ్వేది అత్తగారు.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు ఆమెకు సెలవు. భర్త డ్యూటీకెళ్లాడు. బయట ముసురు పట్టి మధ్యాహ్నమే ఇల్లంతా మసకగా ఉంది. లోపలి గదిలో పాప నిద్రపోతోంది. వంటగదిలో గిన్నెలు సర్దుతున్న కోడలికి గోడ గరగరమని కదిలిన చప్పుడు వినిపించింది.

భర్త వచ్చాడేమోనని హాల్లోకి తొంగిచూసింది. వీధి తలుపు గడియ వేసే ఉంది. కానీ గోడలోంచి ఒక మంచం బయటికొచ్చి ఉంది. తమ మంచాల్లో అలాంటిది లేదు. ఏళ్ల తరబడి మూసిన పెట్టె తెరిచినట్టు ముక్కిన వాసన.

అత్తగారు సోఫాలో బిగుసుకుపోయి ఉంది. "ఎవరొచ్చారే?" అంది గుసగుసగా.

"ఎవరూ రాలేదత్తయ్యా. మెషిన్ పాడైనట్టుంది."

"మరి పరుపెందుకు కుంగుతోంది?"

నిజమే... కుంగుతోంది. మెల్లగా... ఎవరో కూర్చున్నట్టు. తర్వాత, వెనక్కి వాలి పడుకున్నట్టు.

మళ్లీ గరగర. ఈసారి లోపలి గదిలో.

కోడలు లోపలికి పరుగెత్తింది. పాప మంచం గోడలోకి వెళ్లిపోతోంది! ఊపిరి లేని మనిషికి ఆ ఇల్లు చోటివ్వదు...

మూసుకుంటున్న సందులో చేతులు దూర్చి పాపను బయటికి లాగింది. మోచేతులు చీరుకుపోయాయి. పాప చల్లగా ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఏడవ్వే తల్లీ... ఒక్కసారి ఏడువు..." వీపు చరిచింది. ఇంకోసారి. ఇంకోసారి.

పాప కెవ్వుమంది.

అదే క్షణంలో హాల్లో అత్తగారి కేక. "లేచింది! పరుపు మీంచి లేచిందే!"

కాళ్లకు చెప్పులు కూడా లేకుండా ముగ్గురూ బయటపడ్డారు.

ఆ రాత్రి కోడలి అన్నయ్య ఇంట్లో పడుకున్నారు. పాతకాలపు ఇటుక గోడల ఇల్లు. "ఇక్కడ ఏదీ కదలదమ్మా. నిశ్చింతగా పడుకో," అన్నాడు అన్నయ్య. పాపను గుండెల మీద పెట్టుకుని, ఆ చిన్ని ఊపిరి వింటూ, తెల్లవారుజామున ఎప్పుడో ఆమె నిద్రపోయింది.

పొద్దున లేచేసరికి, ఇద్దరు మోస్తే గానీ కదలని ఇనప బీరువా గోడ నుంచి జరిగి ఉంది. మనిషి పట్టేంత. అన్నయ్య వంగి, దాని వెనక ఖాళీలో నేల మీద చెయ్యిపెట్టి చూశాడు.

వెచ్చగా ఉంది.